వినీలా, అడవికి వెళ్లే ముందు ఇది చదువు

వినీలా,

హెచ్‌సీయూలో ఆంత్రోపాలజీ చదివి, తర్వాత పర్యావరణ ప్రాజెక్టులతో దేశదేశాలు తిరుగుతానన్నావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో, రాత్రి అంత టెన్షన్ కూడా పట్టుకుంది. ఫ్రెంచో స్పానిషో నేర్చుకో, జీఐఎస్‌లో మ్యాపులు చేయడం నేర్చుకో. ఇవి ఎవరైనా చెబుతారు.

నేను చెప్పాల్సింది వేరే. నల్లమలలో ఒక చెంచు పెంటలో, అంటే చెంచుల గూడెంలో, విదేశీ నిధులతో నడిచే ప్రాజెక్టు వాళ్లు పెట్టిన మీటింగ్‌కి దుబాసీగా వెళ్లాను. అది ఇప్పపూల కాలం. పూలు తెల్లవారుజామున రాలతాయి కాబట్టి ఆడవాళ్లంతా చీకటితోనే బుట్టలు పట్టుకుని వెళ్లిపోయారు. మేం జీపు దిగింది పదకొండింటికి. చెట్టు కింద కొందరు మగవాళ్లు, పక్కనే యూనిఫాంలో ఫారెస్టు గార్డు. అతని ముందు ఎవరు నోరు విప్పుతారు? అన్నిటికీ సరే అన్నారు, వేలిముద్రలు వేశారు, "గ్రామం సమ్మతించింది" అని రిపోర్టులోకి ఎక్కింది. వానలు పడేసరికి మొక్కల కోసం కంచె వేశారు, సరిగ్గా ఆడవాళ్లు గడ్డలు తవ్వుకునే చోట. "మమ్మల్నడిగితే వేరే గుట్ట చూపించేవాళ్లం కదమ్మా" అంది ఒక అవ్వ, చేతిలో గునపం అలాగే పట్టుకుని. మీటింగ్ పెట్టినాయన అప్పటికే ఇంకో దేశంలో ఉన్నాడు.

2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు హక్కులిచ్చింది. ప్రపంచ బ్యాంకు 2018 నుంచి అమలు చేస్తున్న నిబంధనల్లో కూడా, కొన్ని సందర్భాల్లో ఆదివాసుల ముందస్తు సమ్మతి తప్పనిసరి. ఆ సమ్మతి ఏ వేళకు అడగాలి, ఎవరు పక్కన లేకుండా అడగాలి అన్నది మాత్రం అక్కడికి వెళ్లిన నీ చేతుల్లోనే ఉంటుంది. 1940లలో హైమెండార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టు ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయి అనే గోండు ఊళ్లో భార్యతో కాపురమే పెట్టి గోండుల మధ్య బతికాడు. నీకు ప్రాజెక్టు వాళ్లు పది రోజులిస్తారేమో, పోట్లాడి ఇంకో పది అడుగు. సిగ్గుపడకు.

ఇంకోటి, కోప్పడకుండా విను. ఈ రంగంలో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, ప్రాజెక్టు అయిపోతే జీతమూ అయిపోతుంది. మొదటి జీతం నుంచే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టడం మొదలుపెట్టు. ఇంటద్దె భయం ఉన్న మనిషికి "వీళ్లు ఒప్పుకోలేదు" అని రిపోర్టులో రాయడం చాలా కష్టం తల్లీ, కళ్లారా చూశాను.

దోమతెర లేకుండా అడవిలో పడుకున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను. మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు ఆదివారం తార్నాకకు వచ్చెయ్.

అత్త