‘సిద్ధం’ అనేదాకా తిప్పకూడని పడవ

ప్రశ్న: మాది రాజమండ్రి. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నాకు 46 ఏళ్లు, మావారికి 50. అబ్బాయి చదువు కోసం వేరే ఊరు వెళ్లాక, ఇద్దరం కలిసి ఏదైనా కొత్తది నేర్చుకుందామనుకున్నాం. మావారు నలభై ఏళ్లు పైబడిన చెక్క డింగీని, వేఫేరర్ రకం తెరచాప పడవను, 600 పౌండ్లకు కొన్నారు. శిక్షణలో మొదటి మెట్టు ఇద్దరం పూర్తిచేశాం. రెండోది ఆయన ఒక్కరే చేశారు. అప్పుడు మా అత్తగారికి ఒంట్లో బాగోలేక నేను ఇండియా వెళ్లాను. అప్పటినుంచి చుక్కాని ఆయనది, ముందు తెరచాప తాళ్లు నావి. నీటి మీదికి వెళ్లగానే ఆయన వేరే మనిషి అయిపోతారు, అందరూ వినేలా అరుస్తారు. మే నెలలో రట్లండ్ వాటర్ అనే జలాశయంలో, గాలి బాగా ఉన్న రోజున, చెప్పకుండా పడవ తిప్పారు. నేను తాడు విప్పేలోపే బోల్తా పడ్డాం. నాకు ఈత రాదు. తెరచాప కింద ఉన్నది కొన్ని క్షణాలే అయినా ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడుతున్నాను. ఒడ్డుకు చేరాక ‘నువ్వు తాడు వదలకపోవడం వల్లే’ అని తెలిసినవాళ్ల ముందే అన్నారు. పదిహేనేళ్ల కిందట కారు నేర్పినప్పుడూ ఇలాగే అరిస్తే ఆ ప్రయత్నమే మానేశాను. గరాజ్‌లో పడవను గీకి వార్నిష్ వేయడం మాత్రం నాకు ఇష్టంగానే ఉంది. అయితే సెంటర్‌బోర్డు (పడవ పక్కకు జారిపోకుండా అడుగు నుంచి నీటిలోకి దించే పలక) పెట్టె అడుగున చెక్క మెత్తబడిందని చూపిస్తే ‘అదేం లేదు, పైన వార్నిష్ కొట్టు’ అన్నారు. పడవ అమ్మేద్దామంటే ఆయన సంతోషాన్ని లాగేసుకున్నట్టు అవుతుందేమో. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అడగని ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, మే నెల నుంచి మీరు లోపల మోస్తున్నది దాన్నేనని మీ ఉత్తరం చెబుతోంది కనుక. మీరు రాసినట్టే జరిగి ఉంటే, ఆ రోజు పడవ పడిపోవడానికి కారణం మీరు కాదు. గాలికి ఎదురుగా ముక్కు తిప్పి పడవను ఒక వాలు నుంచి మరో వాలుకు మళ్లించేటప్పుడు, ముందు తెరచాప తాడు పాత పక్కనే బిగిసి ఉంటే, గాలి ఆ తెరచాపకు రెండోవైపు నుంచి కొట్టి ముక్కును బలంగా తోసేస్తుంది. అప్పటిదాకా గాలివైపు కూర్చున్న మనుషుల బరువు కూడా ఒక్కసారిగా వాలే పక్కకే చేరుతుంది కాబట్టి పడవ నిలదొక్కుకోలేదు. ఈ సంగతి తెలిసినందువల్లే ఈ విద్యలో ఒక మాటల వరస ఏర్పడింది. చుక్కాని పట్టినవారు ‘రెడీ అబౌట్’ అంటారు; తాడు పట్టినవారు చుట్టూ చూసి, విప్పడానికి చేయి సిద్ధంగా ఉందని నిర్ధారించుకుని ‘రెడీ’ అంటారు; ఆ మాట చెవిన పడ్డాకనే మొదటివారు ‘లీ-ఓ’ అని చుక్కాని తోస్తారు. చాలామంది దీన్ని పై అధికారి ఆజ్ఞలా వింటారు గానీ, ఇందులో మొదటిది ప్రశ్న, రెండోది అనుమతి, మూడోది మాత్రమే పని. మీవారు మొదటి రెండూ వదిలేసి మూడోదానికి వెళ్లిపోయారు. మీరు ‘సిద్ధం’ అనలేదు కనుక పడవ తిప్పే హక్కు ఆయనకు ఆ క్షణంలో లేదు, ఇది నా అభిప్రాయం కాదు, ఆయన నేర్చుకున్న విద్యలోని నియమమే.

నేను కూడా ముప్పై ఏళ్ల కిందట హుస్సేన్‌సాగర్‌లో, ఎంటర్‌ప్రైజ్ తరగతి పడవలో, ముందు తెరచాప తాడు పట్టుకుని కూర్చున్నదాన్నే. నీలం తెరచాపలు దూరం నుంచి ఎంత ముచ్చటగా ఉంటాయో, లోపల కూర్చుంటే వెనక నుంచి వచ్చే అరుపు అంత చేదుగా ఉంటుంది. కాబట్టి నేను పూర్తిగా తటస్థురాలిని కానని ముందే ఒప్పుకుంటున్నాను.

అయినా మీవారి వైపు నుంచి చెప్పవలసింది ఉంది. చుక్కాని పట్టినవాడికి గాలి, పక్క పడవలు, తెరచాప, ఒడ్డు అన్నీ ఒకేసారి చూడవలసి వస్తుంది. నాలుగు రోజుల శిక్షణతో అదంతా మోస్తున్న మనిషి లోపల భయపడుతూ ఉంటాడు, మన ఇళ్లలో మగవాళ్లకు భయాన్ని భయంగా చెప్పడం చిన్నప్పటినుంచీ అలవాటు చేయరు కాబట్టి అది కోపమై బయటికి వస్తుంది. పైగా గాలి హోరులో మామూలు గొంతు వినబడదు, గొంతు పెంచక తప్పదు. అయితే గొంతు పెంచడం వేరు, ఒడ్డు మీద నిలబడి నలుగురి ముందు తప్పు మీ మీదికి నెట్టడం వేరు. మొదటిదానికి ఆయన్ను క్షమించండి. రెండోదానికి ఆయన మీకు క్షమాపణ చెప్పాలి, అది కూడా వీలైతే ఆ విన్నవాళ్లలో ఒకరిద్దరి ముందే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది పడవ గురించిన వాక్యం కాదు. పదిహేనేళ్ల కిందట కారు గురించి రాసిన ఒక్క వాక్యం. అప్పుడు ఆయన అరిచారు, మీరు మానేశారు, ఇంట్లో ప్రశాంతత వచ్చింది. దానికి బదులుగా ఇన్నేళ్లూ ఎక్కడికి వెళ్లాలన్నా ఆయన మీదనో బస్సు మీదనో ఆధారపడ్డారు. ఆయన అరవడం వల్ల ఏం నష్టం జరిగిందో ఆయనకు ఎప్పుడూ తెలిసి ఉండదు, నష్టమంతా మీ పక్కనే ఉండిపోయింది కనుక. ఇప్పుడు పడవ అమ్మేస్తే అదే రెండోసారి జరుగుతుంది. అందుకే అమ్మమని నేను చెప్పను, ఇప్పుడే కాదు. కానీ ఆయన చుక్కాని పట్టి ఉండగా ఈ ఏడాది మీరు ఆ పడవ ఎక్కవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఈ మాట ఆయనకు ఎక్కడ, ఎలా చెప్పాలన్నది ముఖ్యం. పడవను నీటిలోకి దించే చోట వద్దు, తిరిగి వచ్చే కారులో అసలే వద్దు. పని లేని ఒక ఉదయం, కాఫీ తాగుతూ, ‘మీరు అరుస్తారు’ అని కాకుండా జరిగినదాన్ని వరసగా చెప్పండి: మీరు అడగలేదు, నేను సిద్ధమనలేదు, పడవ తిరిగింది, నేను తెరచాప కింద ఉన్నాను, ఆ తర్వాత అందరి ముందూ తప్పు నాదన్నారు, అప్పటినుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఆ చివరి సంగతి ఆయనకు బహుశా తెలియదు. కారు సంగతి కూడా అప్పుడే చెప్పండి, దెప్పిపొడుపుగా కాదు, ఇది రెండోసారి అని ఆయనకు అర్థం కావడానికి. వెంటనే ఒప్పుకోకపోవచ్చు, రెండు రోజులు ముభావంగా తిరగనివ్వండి.

తర్వాత మీరు చేయవలసినవి రెండు ఉన్నాయి, రెండూ ఆయన లేకుండా చేయవలసినవే. మొదటిది ఈత. డింగీ నడిపేవారు సాధారణంగా వేసుకునేది 50 న్యూటన్ల తేలుడు చొక్కా. అది ఈత వచ్చి, సహాయం దగ్గరలో ఉన్నవారి కోసం చేసినది, స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని నీటి పైకి తిప్పి ఉంచేది కాదు. ఈ తేడా మీకు ఎవరూ చెప్పి ఉండకపోతే అది పెద్ద లోపం. ఈ చలికాలమంతా మీ ఊరి ఈతకొలనులో పెద్దవాళ్ల తరగతిలో చేరండి. 46 ఏళ్లకు ఈత నేర్చుకున్నవాళ్లు కొల్లలుగా ఉన్నారు, అందులో నామోషీ ఏమీ లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. నీరు 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే, హఠాత్తుగా అందులో పడిన మనిషికి ఊపిరి తన్నుకొచ్చి అదుపు తప్పుతుంది. ఆ నిమిషం, నిమిషంన్నర కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా వెల్లకిలా తేలుతూ ఉంటే ఊపిరి మళ్లీ దారిలో పడుతుంది. మే నెలలో మీకు కలిగిన దిగ్భ్రాంతిలో చాలా భాగం పిరికితనం కాదు, చన్నీటికి శరీరం చూపిన ప్రతిస్పందన.

రెండోది, అక్కడ పడవ శిక్షణను నడిపే సంస్థ రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి రెండో మెట్టు శిక్షణ. అది రెండు రోజులే, మీరు దాన్ని ఆయన పడవలో కాకుండా శిక్షణ కేంద్రం పడవలో, ముక్కూమొహం తెలియని గురువు దగ్గర నేర్చుకోండి. భర్త దగ్గర నేర్చుకునే విద్యలో ప్రతి తప్పూ సంసారం ఖాతాలో పడుతుంది. పరాయి గురువు దగ్గర అది కేవలం తప్పుగానే ఉంటుంది. చేరేటప్పుడే మీకు జరిగింది చెప్పి, పడవను కావాలని బోల్తా కొట్టించి తిరిగి లేపే సాధన, వేసవిలో, రక్షణ పడవ పక్కనే ఉండగా, నాలుగైదుసార్లు చేయించమని అడగండి. తెరచాప కింద చిక్కుకున్నప్పుడు అరచేతితో గుడ్డను పైకి తోస్తే ఊపిరికి చోటు దొరుకుతుందనీ, ఒక కుట్టు పట్టుకుని ఒకే దిశలో జరిగితే అంచు వస్తుందనీ చేతులకు తెలిసిపోయాక, నిద్రలో ఉలికిపాటు చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. అప్పటికీ తగ్గకపోతే, మీ డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి.

ఇక ఇద్దరూ మళ్లీ కలిసి పడవ ఎక్కే రోజు గురించి. మొదటి నెల చుక్కాని మీ చేతిలో ఉండాలి, ముందు తెరచాప తాళ్లు ఆయన చేతిలో ఉండాలి. ఇది శిక్ష కాదు. వెనక ఏం జరగబోతోందో చెప్పకుండా తాడు లాగమంటే ఎలా ఉంటుందో ముందు కూర్చుంటే తప్ప తెలియదు, అంతటినీ ఒకేసారి కనిపెట్టుకోవడం ఎంత కష్టమో వెనక కూర్చుంటే తప్ప మీకూ తెలియదు. పిలుపులు తెలుగులో పెట్టుకోండి: ‘తిరుగుదామా?’, ‘సిద్ధం’, ‘తిప్పుతున్నా’. ‘సిద్ధం’ వినబడకపోతే పడవ తిరగదు, ఎదురుగా బాతుల గుంపు వచ్చినా సరే తెరచాప వదిలి వేగం తగ్గించుకోవడమే. గాలి జోరును అంకెల్లో చెప్పే బోఫర్ట్ కొలమానంలో మూడో అంకె, అంటే గంటకు 7 నుంచి 10 నాటికల్ మైళ్ల గాలి, దాటిందంటే ఆ నెలలో బయలుదేరవద్దు. నీటి మీద తెల్లటి నురగ తలలు అక్కడక్కడా కాకుండా అంతటా కనిపిస్తే నాలుగో అంకె వచ్చేసినట్టే. ఇద్దరిలో ఒకరు ‘ఇవాళ వద్దు’ అంటే ఆ రోజుకు అంతే, కారణం అడగకూడదు.

పడవ విషయంలో మీవారి ఎంపిక మంచిదే. ఇయాన్ ప్రాక్టర్ 1957లో గీసిన వేఫేరర్ 4.82 మీటర్ల పొడవుతో, దాదాపు 170 కిలోల బరువుతో, కొత్తవాళ్ల పొరపాట్లను చాలావరకు భరించే పడవ. 1963లో ఫ్రాంక్ డై ఈ రకం పడవలోనే స్కాట్లండ్ నుంచి ఐస్‌లాండ్ చేరాడు. ఇలాంటి కథలు మీవారికి కంఠస్థమై ఉంటాయని ఊహిస్తున్నాను. ఆయన ఈసారి చెబితే, డై వెంట కూడా ఇంకో మనిషి ఉన్నాడని గుర్తుచేయండి.

కానీ ఎంత మంచి పడవైనా, మీరు చూపించిన ఆ మెత్తని చోటు మీద వార్నిష్ కొట్టడం పొరపాటు. చెక్క పడవను చివికించేది ఉప్పునీరు కాదు, కప్పు కింద నిలిచిపోయిన వాననీరు. అది ప్లైవుడ్ పొరల్లోకి చేరాక, పైన వార్నిష్ వేస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోయి లోపల కుళ్లు నిశ్చింతగా పెరుగుతుంది. సెంటర్‌బోర్డు పెట్టె పడవ అడుగును చీల్చుకుని నిలబడే చోటు కనుక, వాలినప్పుడల్లా బలమంతా అక్కడే పడుతుంది. ఇద్దరూ కలిసి మొండి మొనగల స్క్రూడ్రైవర్‌తో ఆ చుట్టూ రెండు అంగుళాలకొకసారి నొక్కి చూడండి. గట్టి చెక్క ఎదురు తిరుగుతుంది, చివికినది లోపలికి దిగుతుంది. దిగిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. ఆయనకు మీ మాట మీద కన్నా ఆ సుద్ద గీతల మీద త్వరగా నమ్మకం కలగవచ్చు. ప్రస్తుతానికి అదీ మేలే.

బాగు చేయడానికి తొందరపడకండి. గరాజ్‌లో గాలి ఆడేలా పెట్టి కొన్ని వారాలు ఆరనివ్వాలి, చివికినదంతా గట్టి చెక్క తగిలేదాకా తీసేయాలి, కొత్త మెరైన్ ప్లైవుడ్ ముక్కను మందానికి ఎనిమిది రెట్ల ఏటవాలుతో, అంటే 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే 48 మిల్లీమీటర్ల మేర, చెక్కి అతకాలి. ఎపాక్సీ జిగురు చలిలో సరిగా గట్టిపడదు కాబట్టి జనవరిలో కాకుండా వసంతంలో పని పెట్టుకోండి, చేతులకు తొడుగులూ ఉప్పుకాగితం పట్టేటప్పుడు ముక్కుకు మాస్కూ తప్పనిసరి. ఎపాక్సీ ఎండకు చెడుతుంది కనుక దాని పైన వార్నిష్ వేయక తప్పదు, మీవారి మాట అక్కడ మాత్రం నిలుస్తుంది. ఇంతకు మించి కుళ్లు వ్యాపించి ఉంటే, చెక్క పడవలు చేసే పనివాడికి చూపించాకనే డబ్బు పెట్టండి. ఈ మరమ్మతులో పెద్దరికం మీది కావాలని నా సూచన. ముందుగా కనిపెట్టింది మీరు, చేయాలన్న ఇష్టం ఉన్నదీ మీకే. ఒక నోటుపుస్తకం పెట్టి ఏ భాగం ఎప్పుడు చూశారో, ఎంత ఖర్చయిందో మీ చేత్తో రాయండి. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగల్లో ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా మార్చాలన్న నిర్ణయం ఆ పుస్తకం నుంచే రావాలి.

చుక్కాని ఒక నెల ఇవ్వడానికి ఆయన ససేమిరా అంటే? అప్పుడు పడవ ఆయనది, మీది కాదు. తోడుకు వేరే మనిషిని వెతుక్కోమని చెప్పి, మీరు వేరే పడవలో నడపండి. శిక్షణ కేంద్రాల్లో ఒక్కరు నడిపే చిన్న పడవలు అద్దెకు దొరుకుతాయి. ఆయన సంతోషాన్ని లాగేసుకున్నట్టు కాదు అది. ఆ సంతోషానికి మీ భయాన్ని వెలగా కట్టడం మానేస్తున్నారు, అంతే.

చివరగా కారు సంగతి. దాన్ని పడవ కోసం ఆపవద్దు. ప్రొవిజనల్ లైసెన్సు ఉంటే ఈ నెలలోనే థియరీ పరీక్షకు కట్టండి. అది ప్యాసైతే ప్రాక్టికల్‌కు రెండేళ్ల గడువు ఉంటుంది. నేర్పేది డబ్బు తీసుకునే గురువు కావాలి, మీవారు వెనక సీట్లో కూడా కూర్చోకూడదు. మీ ఇంటి నుంచి రట్లండ్ వాటర్ ఎంత దూరమో మీరు రాయలేదు, ఎంతైనా సరే, రెండో మెట్టు శిక్షణకు మీరే కారు నడుపుకుంటూ వెళ్లగలిగితే నాకు ఒక ఉత్తరం రాయండి.