బాక్సైట్ ఉన్నా అల్యూమినియం ఎందుకు తీయరు?

ప్రశ్న: మా దామన్‌జోడి దగ్గర పంచపట్మాలి కొండలాగే జమైకాలోనూ బాక్సైట్ విస్తారంగా ఉందట. మరి వాళ్లు అల్యూమినియం ఎందుకు తయారు చేయరు?
– ఒక పాఠకురాలు, కొరాపుట్

జవాబు: అడ్డంకి కరెంటేనమ్మా. రెండు మూడు టన్నుల బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడాలో కరిగించి, ఎర్ర బురద తీసేసి, తేరిన ద్రవాన్ని చల్లార్చి గింజకట్టించి కాలిస్తే టన్ను అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడి) వస్తుంది. ఈ దశ వరకు పని జమైకాలోనూ జరుగుతుంది. రెండు టన్నుల అల్యూమినా నుంచి టన్ను లోహం తీయడానికి మాత్రం సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. దిగుమతి ఇంధనంతో అది గిట్టదు. మన దామన్‌జోడి అల్యూమినా ఒడిశాలోని అంగుల్‌లో లోహమవుతోందంటే పక్కన తాల్చేరు బొగ్గు ఉండబట్టే.

బురద సంగతీ చెప్పాలి. జమైకా ఖనిజం సున్నపురాయి గుంటల్లో పేరుకున్నది. అందులోని ఇనుప రేణువులు మరీ సన్నం, తొట్లలో ఓ పట్టాన అడుక్కి దిగవు. తొలినాళ్లలో ఆ బురదను అడుగున అస్తరు లేని గుంటల్లో వదిలారు. రాతి పగుళ్లగుండా సోడా భూగర్భజలంలో కలిసింది. బురద చెరువుల పక్కన బావులున్న మన ఊళ్లూ నీటిలో సోడియం పరీక్ష చేయించుకోవాలి.

ఆదాయం మాటకొస్తే, 1974లో జమైకా ప్రధాని మైకేల్ మాన్లీ ప్రభుత్వం బాక్సైట్ లెవీని (తవ్వకంపై పన్నును) అల్యూమినియం కడ్డీ ధరలో 7.5 శాతంగా పెట్టింది. ఖజానా నిండింది కానీ, కంపెనీలు గినీ, ఆస్ట్రేలియాల వైపు మళ్లాయి.