పోర్టు లూజైందా, దుమ్ము చేరిందా?

ప్రశ్న: చార్జర్ పెట్టాక ఫోన్ కాస్త కదిపితే చాలు, చార్జింగ్ ఆగిపోతోంది. ఆబిడ్స్‌లో చూపిస్తే టైప్-సి పోర్టు లూజైంది, మార్చాలన్నారు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్న మా అబ్బాయి నోట్సులో మాత్రం 'లూజ్ కప్లింగ్ మంచిది' అని ఉంది. ఇంతకీ లూజంటే మంచిదా, చెడ్డదా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఈ అయోమయం మీ తప్పు కాదమ్మా. కిరాణా కొట్లో లూజు నూనె అంటే ప్యాకెట్ లేనిది, దర్జీ దగ్గర లూజంటే వదులు. 'వాడు లూజురా' అంటే అర్థం మీకు తెలిసిందే.

ముందు ఫోన్ సంగతి. టైప్-సి పోర్టును 10,000 సార్లు పెట్టి తీసినా తట్టుకునేలా తయారుచేస్తారు. రోజుకు మూడుసార్లు అనుకున్నా 9 ఏళ్ల లెక్క. పైగా పట్టి ఉంచే స్ప్రింగులు కేబుల్ పిన్నులోనే ఉంటాయి, అరిగితే ముందు అదే అరగాలని. కాబట్టి మొదట వేరే కేబుల్ పెట్టి చూడండి. అదీ పూర్తిగా లోపలికి దిగకపోతే, జేబులోని నూలుపోగులు పోర్టు అడుగున గట్టిపడి ఉంటాయి. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. గుండుసూది వద్దు, నోటితో ఊదొద్దు, తేమ లోపలికి చేరుతుంది. పుల్లలు పెట్టడం మంచి పనయ్యేది ఇక్కడొక్కచోటే! అయినా ఊగుతుంటే అప్పుడు పోర్టు మార్పించండి.

ఇక మీ అబ్బాయి నోట్సు. మిక్సీ వైరును తిన్నగా గోడలోని వైరుకు కలిపేస్తే, మిక్సీ మార్చాలన్నప్పుడల్లా ఎలక్ట్రీషియన్ రావాలి. ప్లగ్గు, సాకెట్టు ఉన్నాయి కాబట్టి మీరే తీసి గ్రైండర్ పెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో లూజ్ కప్లింగ్ అంటే అదే. ఒక భాగాన్ని మార్చినా పక్కది కదలదు. అంటే ఊగిసలాడటం కాదు, ముడి వేయకపోవడం.

అయితే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష దగ్గరికొచ్చాక వాణ్ణి జాగ్రత్తగా ఉండమనండి. అక్కడ రెండు సమాన గుర్తులు పెడితే లూజు పోలిక: సున్నా, ఒక్క అక్షరమూ లేని ఖాళీ స్ట్రింగ్ రెండూ సమానమే అంటుంది! మూడు గుర్తులు పెడితేనే కచ్చితంగా చూస్తుంది. నేనైతే మూడే పెడతాను.

అన్నట్టు, రెజ్యూమెలో 'పోగొట్టుకోవడం' అనే ఇంగ్లిష్ మాటకు (lose) ఒక 'ఓ' ఎక్కువైతే లూజైపోతుంది (loose). రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ చాలాసార్లు ఎర్రగీత పెట్టదు.