మోడల్ చెప్పిన దూరం, సముద్రంలో వచ్చిన దూరం కలవకపోతే

పాసివ్ సోనార్‌కి (తాను శబ్దం పంపకుండా నీటిలో వచ్చే శబ్దాన్ని వినే పరికరం) ఎంత దూరం నుంచి వినిపిస్తుందో లెక్కేసే కంప్యూటర్ మోడల్ 8 కిలోమీటర్లు ఇచ్చింది, ట్రయల్‌లో 4 దాటలేదు, ఇక మోడల్ పనికిరానట్టేనా అని అడిగారు. అప్పుడే తీసిపారేయకండి. శబ్దం అన్ని వైపులకీ సమానంగా పరుచుకుంటే 6 డెసిబెల్స్ తేడాకే దూరం సగమైపోతుంది, ఆ 6 ఎక్కడైనా నక్కి ఉండొచ్చు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో సోర్స్ లెవెల్‌ని, అంటే శబ్దం పుట్టే చోట దాని బలాన్ని, పీక్-టు-పీక్‌లో (తరంగం పై కొస నుంచి కింది కొస దాకా) ఇచ్చారు, మోడలేమో ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) అనుకుంది. సైన్ వేవ్‌కి అక్కడే 9 డెసిబెల్స్ పోయాయి, మేమంతా సముద్రాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాం!

అసలు చివరి దూరాన్ని చూసి మోడల్‌కి మార్కులు వేయకూడదు. నష్టం తక్కువగా, నాయిస్ ఎక్కువగా లెక్కేసినా రెండు తప్పులూ చెల్లుకు చెల్లై దూరం సరిగ్గా కుదిరిపోవచ్చు. అందుకే ట్రాన్స్‌మిషన్ లాస్ (దారిలో శబ్దం ఎంత తగ్గింది), నాయిస్ (చుట్టూ ఉన్న రొద), డిటెక్షన్ థ్రెషోల్డ్ (గుర్తుపట్టడానికి రొద కంటే ఎంత గట్టిగా ఉండాలి) దేనికది విడిగా తేల్చుకోండి.

ముందు సముద్రం జోలికి పోకుండా కోడ్‌ని పరీక్షించండి. ఉపరితలం, అడుగు లేని ఏకరీతి నీటిలో 1 కిలోమీటరు దూరంలో 60 డెసిబెల్స్ నష్టం, దాని మీద నీరు పీల్చుకునేది (శోషణ), అంతే రావాలి. సోర్స్‌నీ రిసీవర్‌నీ అటూఇటూ మార్చినా నష్టం మారకూడదు (అడుగు వాలుగా ఉంటే దాన్నీ తిప్పాలి, చాలామంది ఇది మర్చిపోతారు). స్టెప్ సైజు (లెక్కలో ఒక్కో అడుగు దూరం) సగం చేస్తే జవాబు కదులుతోందా, అయితే ఇంకా కన్వర్జ్ కాలేదు, అంటే జవాబు నిలకడకి రాలేదు. తర్వాత పెకెరిస్ కేసుని (ఏకరీతి నీటి పొర, కింద ఏకరీతి అడుగు ఉండే ప్రామాణిక లెక్క) క్రాకెన్ అనే ప్రోగ్రామ్‌లో కూడా వేసి మీ జవాబుతో పోల్చండి. లోతు తక్కువ నీటిలో తక్కువ ఫ్రీక్వెన్సీకి బెల్‌హాప్ లాంటి రే మోడల్ (శబ్దాన్ని కిరణాలుగా లెక్కేసేది) సరిపోలకపోతే కంగారుపడొద్దు, దాని పరిమితే అది.

ఇవన్నీ దాటాక నా మొదటి అనుమానం ఉష్ణోగ్రత ప్రొఫైల్ మీదే, అంటే లోతుతో పాటు నీటి వేడి ఎలా మారుతోందో చూపే కొలత మీదే. వెచ్చని నీటిలో ఒక డిగ్రీకి ధ్వని వేగం సెకనుకి 2 నుంచి 3 మీటర్లు మారుతుంది. ఎండకి పైపొర వేడెక్కితే కిరణాలు కిందికి వంగిపోయి పైన శబ్దం సరిగ్గా చేరని నీడ ప్రాంతం ఏర్పడుతుంది. పొద్దున బాగా వినిపించిన సోనార్ మధ్యాహ్నానికి మందగిస్తోందని అమెరికా నేవీ 1930ల్లోనే గమనించింది. పొద్దున తీసిన ప్రొఫైల్‌తో మధ్యాహ్నం ట్రయల్‌ని పోలిస్తే మోడల్ ఏం చేస్తుంది పాపం.

అడుగున ఉన్నది ఇసుకా బురదా అన్నది సర్దుతూ మోడల్ కర్వ్‌ని కొలతలతో కలిపేస్తే అది వ్యాలిడేషన్ కాదు, ఫిట్టింగ్. అలా కలిపిన విలువల్ని ముట్టుకోకుండా ఇంకో రోజు డేటా మీద వేసి చూడండి. అప్పుడు కూడా ప్రతి పాయింటూ కలవాలని పట్టుబట్టకండి, కొంత దూరం మీద సగటు తీసి పోల్చండి, ఎందుకంటే శబ్ద తరంగాల కలయిక వల్ల కర్వ్‌లో వచ్చే గుంటలు రిసీవర్ కాస్త కదిలినా జరిగిపోతాయి.

మీ ప్రొఫైల్ ఏ టైముకి తీశారో, హైడ్రోఫోన్ (నీటిలో పెట్టే మైక్) ఎంత లోతులో ఉందో, ఫ్రీక్వెన్సీ ఎంతో పెట్టండి, చూసి చెప్తాను.