టెక్ సందేహాలు: ‘రివ్యూలే కదా’ అంటే కేసు ఆగుతుందా?

ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ఉత్తరాలు ఫోన్ వేడెక్కుతోందనో, ప్రింటర్ మొరాయిస్తోందనో ఉంటాయి. ఈమధ్య ఊరు మాత్రం రాసి, పేరు దాచుకుని ఇంకో రకం ప్రశ్నలు పంపుతున్నారు. ఎస్కార్ట్ సైట్లు, వాటిలో రాసే రివ్యూలు, వాటి చుట్టూ తిరిగే డబ్బు, బెదిరింపులు. ఒకదానికి జవాబు చెప్తే ఇంకోదానికి సగం చెప్పినట్టే ఉంది కాబట్టి ఈ వారం అన్నీ కలిపి తీసుకున్నాను. నేను లాయర్ని కాను. నోటీసు చేతికి వచ్చినవాళ్లు ఈ కాలమ్ చదవడం ఆపి వకీలు దగ్గరికి వెళ్లండి.

ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు చేస్తుంటాను. దుబాయ్‌లో ఉండే ఒకాయన ఎస్కార్ట్ రివ్యూ సైటు చేసిపెట్టమన్నారు. బుకింగ్ ఉండదు, ప్రొఫైళ్లు, రేటింగులు, అభిప్రాయాలే. సర్వర్ నెదర్లాండ్స్‌లో. కింద ‘మాకు సంబంధం లేదు’ అని డిస్‌క్లెయిమర్ పెడితే చాలంటున్నారు. డొమైన్ నా పేరు మీద కొనాలట, వీఐపీ లిస్టింగ్ ఫీజులు కొన్నాళ్లు నా యూపీఐకి వస్తాయట. నెలకు 15 వేలు ఇస్తారు. చెయ్యొచ్చా? – వెబ్ డెవలపర్, పటమట, విజయవాడ

వద్దు. ఆయన చెప్పిన కబుర్లన్నీ తీసేసి రెండే చూడండి: డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? రెండూ మీవే. దుబాయ్ ఆయన పేరు ఏ కాగితం మీదా లేదు. రేపు ఫిర్యాదు వస్తే పోలీసులకు నెదర్లాండ్స్ సర్వర్‌తో పని లేదు. డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్‌కు ఒక లేఖ, బ్యాంకుకు ఒక లేఖ రాస్తే పటమట అడ్రసు వచ్చేస్తుంది. ఆ నెలకు 15 వేలు కోడింగుకు కాదండీ, మీ పేరుకు అద్దె.

ఇక చట్టం. వయసొచ్చిన మనిషి ఇష్టపూర్వకంగా వ్యభిచార వృత్తిలో ఉండటం మన దేశంలో దానంతటదే నేరం కాదు. 2022 మేలో సుప్రీంకోర్టు కూడా వాళ్లను పోలీసులు వేధించకూడదని ఆదేశాలిచ్చింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘అయితే సైటు కూడా తప్పు కాదు’ అనుకుంటారు. తప్పయ్యేది వాళ్ల మీద పక్కవాళ్లు చేసుకునే వ్యాపారం. మన పత్రికల్లో ‘పీటా’ అని చదువుతుంటామే, ఆ 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టంలో 4వ సెక్షన్ ఇంకొకరి వ్యభిచార సంపాదన మీద బతకడం గురించి, 5వ సెక్షన్ మనుషుల్ని అందుకోసం సమకూర్చడం, ప్రేరేపించడం గురించి. మొదటిదానికి రెండేళ్ల దాకా, రెండోదానికి మూడు నుంచి ఏడేళ్లు. అటువైపు ఉన్నది మైనర్ అని తేలితే లెక్క ఇంకా ఎక్కడికో పోతుంది. లిస్టింగుకు డబ్బు తీసుకున్న క్షణం నుంచి మీరు ‘అభిప్రాయాల వేదిక’ అని వాదించడం కష్టం. ప్రొఫైల్ పైకి రావడానికి రేటు పెట్టి అమ్ముతున్నారు కదా.

ఐటీ చట్టం సంగతి కూడా ఉంది. అశ్లీలమైనది ఆన్‌లైన్‌లో పెడితే 67వ సెక్షన్ కింద మొదటిసారికి మూడేళ్లు, ఐదు లక్షల జరిమానా దాకా. లైంగిక చర్య ఉన్న దృశ్యాలైతే 67ఏ, ఐదేళ్లు, పది లక్షలు. 67కి బొమ్మే ఉండాలన్న నియమం లేదు. ఆ రివ్యూల్లో జనం రాసే భాష చూస్తే అక్షరాలే సరిపోతాయి. సర్వర్ విదేశంలో ఉందంటే, ఇక్కడి కంప్యూటర్‌తో ముడిపడిన నేరం బయట జరిగినా వర్తిస్తుందని అదే చట్టం 75వ సెక్షన్ చెబుతోంది. పైగా మీరు కూర్చుని పనిచేసేది పటమటలో.

‘పెట్టింది యూజర్లు, నేను కాదు’ అనేదానికి 79వ సెక్షన్ రక్షణ ఉందన్నది నిజమే. దాని వెనక కథ తెలుసుకోవాలి. 2004లో బాజీ డాట్ కామ్‌లో ఒక ఐఐటీ విద్యార్థి అశ్లీల క్లిప్పు అమ్మకానికి పెడితే, ఆ కంపెనీ సీఈఓను అరెస్టు చేశారు. క్లిప్పు పెట్టింది ఆయన కాదు. 2012లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. అంటే ఎనిమిదేళ్లు తిరిగారు. ఈ మధ్యలో 2008 సవరణతో 79కి ఇప్పటి రూపం వచ్చింది. కానీ ఆ రక్షణకు షరతులున్నాయి: నేరానికి తోడ్పడకూడదు, కంటెంటును ఎంచడం, మార్చడం చెయ్యకూడదు, కోర్టో ప్రభుత్వమో తీయమంటే తీసెయ్యాలి. సైటు పుట్టిందే ఆ పని కోసమైతే, రివ్యూల్ని మీరే వడగట్టి, ర్యాంకులిచ్చి, డబ్బు పుచ్చుకుంటుంటే ఏ షరతు మిగులుతుంది? డిస్‌క్లెయిమర్ అన్నది ‘చెప్పులు పోతే మా బాధ్యత కాదు’ అని గుడి దగ్గర రాసిన బోర్డు లాంటిది. చెప్పులు ఎత్తుకుపోయింది బోర్డు పెట్టినవాడే అయితే ఆ బోర్డు ఎందుకు పనికొస్తుంది?

అమెరికాలో ఇదే వాదన ఏమైందో చూడండి. కాలిఫోర్నియాలోని మైరెడ్‌బుక్ సైటు చూడటానికి ఉచితమే, వీఐపీ సభ్యత్వానికీ ప్రకటన పైన కనపడటానికీ డబ్బు. 2014 జూన్‌లో ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది, యజమానికి మరుసటి ఏడాది 13 నెలల జైలు. 2016 జనవరిలో సియాటిల్ దగ్గర ఒక రివ్యూ బోర్డు మీద పోలీసులు పడ్డప్పుడు నడిపినవాళ్లతోపాటు రివ్యూలు రాసినవాళ్లను కూడా ‘ప్రోత్సహించారు’ అని కేసుల్లో పెట్టారు. 2018 ఏప్రిల్‌లో బ్యాక్‌పేజ్ అనే ప్రకటనల సైటును మూయించారు, అదే నెలలో సైట్ల యజమానులకు ఉన్న రక్షణకు గండి కొట్టే చట్టం వచ్చింది. ఆ చట్టాలు మనకు వర్తించవు. కానీ అలాంటి సైట్ల వాళ్లు ఇప్పుడు ఇటువైపు కుర్రాళ్లను ఎందుకు వెతుక్కుంటున్నారో మీకు అర్థమై ఉంటుంది.

ఇప్పటికే డొమైన్ కొనేసి ఉంటే దాన్ని హడావుడిగా ఆయనకు బదిలీ చేసి చాట్ చెరిపేయకండి. పాత రికార్డు రిజిస్ట్రార్ దగ్గర ఉంటుంది, చెరిపిన చాట్ మీకే వ్యతిరేకంగా పనిచేస్తుంది. పని మానేస్తున్నట్టు ఈమెయిల్ పెట్టి, సైటు ఆపి, వకీలును కలవండి.

ఒక సైటులో రివ్యూలు బాగున్నాయని వాట్సాప్ చేశాను. రిజిస్ట్రేషన్ 500, ‘హోటల్ గేట్ పాస్’ 2,500, తర్వాత ‘రిఫండబుల్ సెక్యూరిటీ’ 5,000 కట్టించుకున్నారు. ఎవరూ రాలేదు. ఇప్పుడు సైబర్ క్రైం ఎస్సైనంటూ ఒకడు ఫోన్ చేసి, కేసు లేకుండా చెయ్యాలంటే 30 వేలు పంపమంటున్నాడు. ఫిర్యాదు చేస్తే నన్నే లోపలేస్తారేమో? – బ్రాడీపేట, గుంటూరు

ఆ ఎస్సై కూడా వాళ్లవాడే. మొదటి ఫోన్ చేసిన గదిలోనే పక్క కుర్చీలో కూర్చుని ఉంటాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని తెలిసి ఆడుతున్న ఆట ఇది. మీరు సిగ్గుపడి ఊరుకోవడమే వాళ్ల పెట్టుబడి. ఆ రివ్యూలు రాసుకున్నది కూడా వాళ్లే అయ్యుంటారు. ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి, అన్నీ ఒకే తరహా వాక్యాలు, అవే స్పెల్లింగు తప్పులు కనపడొచ్చు.

ఇంక పైసా పంపకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మీ యూపీఐ యాప్‌లో ప్రతి లావాదేవీ కింద ఉండే 12 అంకెల యూటీఆర్ నంబర్లు చెప్పండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో స్క్రీన్‌షాట్లు, ఫోన్ నంబర్లు, క్యూఆర్ కోడ్ బొమ్మ పెట్టండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308 కింద నేరం, మోసం 318 కిందికి వస్తుంది.

మీ భయం గురించి దాపరికం లేకుండా చెప్తాను. ఇక్కడ ఎవరూ ఎవరినీ కలవలేదు, అటువైపు ఉన్నది మనిషి కూడా కాదు, ఒక క్యూఆర్ కోడు. కాబట్టి మీరు బాధితుడిగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కలిసి ఉంటే మాత్రం విషయం వేరు. విటుడి మీద పీటా వర్తిస్తుందా అన్నదాంట్లో కోర్టులు ఒక్క మాట మీద లేవు. మన ఉమ్మడి హైకోర్టు 2014లో ఒక కేసులో విటుడు 4వ సెక్షన్ కిందికి రాడంది. 2025లో కేరళ హైకోర్టు, డబ్బు ఇవ్వడం ప్రేరేపించడమేనంటూ 5వ సెక్షన్ వర్తిస్తుందంది. ఇవి ఎలా ఉన్నా 7వ సెక్షన్ మాత్రం స్పష్టంగా ఉంది. ప్రార్థనా స్థలాలు, విద్యాసంస్థలు, ఆస్పత్రుల వంటివాటికి 200 మీటర్ల లోపైతే ఇద్దరికీ మూడు నెలల దాకా శిక్ష పడొచ్చు. గుంటూరులో గానీ బెజవాడలో గానీ గుడి, కాలేజీ, నర్సింగ్ హోమ్ మూడింటికీ 200 మీటర్ల అవతల ఉన్న లాడ్జి ఒకటి చూపించండి చూద్దాం. అక్రమ రవాణాకు గురైన మనిషని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణాలుండి వెళ్తే సంహితలోని 144 ఉంది, కనీసం మూడేళ్లు.

నా నంబరు ఎవరో అలాంటి సైటులో, వేరే పేరుతో, నా ఫేస్‌బుక్ ఫొటోతో పెట్టారు. రాత్రి పదకొండు దాటితే ఫోన్లు. మావారు నంబరు మార్చెయ్యమంటున్నారు. ఎవరు చేశారో అనుమానం ఉంది గానీ రుజువు లేదు. – అరండల్‌పేట, గుంటూరు

అమ్మా, ముందుగా ఒక మాట. ఇందులో మీరు దాచుకోవాల్సింది ఏమీ లేదు. మీ వారు పక్కన నిలబడ్డారు, సగం బరువు తగ్గినట్టే.

నంబరు ఇప్పుడే మార్చకండి. అదే మీ సాక్ష్యం, బ్యాంకు ఓటీపీలు, ఆధార్ అన్నీ దానికే ఉంటాయి. ఇంకో ఫోనుతో ఆ పేజీని పై నుంచి కింది దాకా స్క్రీన్ రికార్డింగ్ చెయ్యండి. అడ్రస్ బార్‌లో పూర్తి లింకు, ఫోన్ పైన టైము కనపడాలి. లింకు దొరక్కపోతే, వచ్చిన కాల్స్‌లో ఒకరికి ‘నా నంబరు ఎక్కడ చూశారు, లింకు పంపండి’ అని మీ వారి చేత మెసేజ్ పెట్టించండి. ఎవరో ఒకరు సిగ్గుపడి పంపిస్తారు. కాల్ లిస్టు కూడా చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతారు, కాబట్టి ఏ ఫోనుతో తీశారో ఆ ఫోను అమ్మేయకండి, రీసెట్ చెయ్యకండి.

తర్వాత ఫిర్యాదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలకు విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. కానీ మీరు పేరుతోనే ఇవ్వండి, లేకపోతే దర్యాప్తు ఎక్కడికక్కడ ఆగిపోతుంది. స్టేషన్‌కు వెళ్తే ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపనక్కర్లేదు, జీరో ఎఫ్ఐఆర్ ఎక్కడైనా రాయాలి. వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ, పరువునష్టానికి సంహితలో 356, స్త్రీ గౌరవాన్ని కించపరచడానికి 79 ఉన్నాయి. ఏవి పెట్టాలన్నది పోలీసుల పని. అనుమానం ఉన్న వ్యక్తి పేరు చెప్పండి గానీ మీరు వెళ్లి నిలదీయకండి. పేజీ తీసేస్తాడు, సాక్ష్యం పోతుంది.

పేజీ తీయించే పని దానికి సమాంతరంగా. 2021 ఐటీ నిబంధనలు నగ్న చిత్రాలు, వేరొకరిలా నటించే ప్రొఫైళ్ల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలన్నాయి, 2026 సవరణతో ఆ గడువు రెండు గంటలకు తగ్గింది. పట్టించుకోని సైట్లయితే, సైటు ఎవరి దగ్గర నడుస్తోందో చూపే హూయిజ్ సేవలో హోస్టింగ్ కంపెనీ పేరు చూసి వాళ్ల అబ్యూజ్ ఈమెయిల్‌కు రాయండి, సైటు కన్నా వాళ్లే త్వరగా కదులుతారు. గూగుల్‌కు వేరుగా తొలగింపు ఫారం ఉంది. మీ పేరు, నంబరు కొడితే ఆ పేజీ రాకుండా చెయ్యడానికి అది. నగ్న చిత్రాలేమైనా ఉంటే స్టాప్ఎన్‌సీఐఐ సేవ ఉంది. ఫొటో అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు, మీ ఫోనులోనే దాని గుర్తును లెక్కగట్టి పెద్ద సోషల్ మీడియా కంపెనీలకు పంపుతుంది.

రివ్యూలు రాసే మగ పాఠకులూ, ఈ ఉత్తరం ఇంకోసారి చదవండి. ఆ పేజీలో నంబరు ఎవరు పెట్టారో చూసేవాడికి తెలిసే దారే లేదు. మీరు ‘ఫైవ్ స్టార్’ ఇచ్చింది ఏ ఇల్లాలి నంబరుకో.

నేను రాయను, ఊరికే చదువుతాను. ఇన్‌కాగ్నిటోలో, వీపీఎన్ పెట్టుకుని. ఎవరికైనా తెలుస్తుందా? – పేరు వద్దు, విజయవాడ

ఇన్‌కాగ్నిటో మీ ఇంట్లోవాళ్లకు హిస్టరీ కనపడకుండా చేస్తుంది, అంతవరకే. నెట్ కంపెనీకి, సైటుకు అది అడ్డం కాదు. వీపీఎన్ పెడితే నెట్ కంపెనీ స్థానంలో వీపీఎన్ కంపెనీ కూర్చుంటుంది. కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్‌లు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలి. ఉచిత వీపీఎన్ అయితే అమ్ముకునే సరుకు మీరే.

ఊరికే చదివినందుకు కేసు పెట్టడం అరుదు. కానీ మైనర్ల బొమ్మలున్న పేజీ అయితే 67బీ కింద వెతకడం, చూడటం, డౌన్‌లోడ్ చెయ్యడం కూడా నేరమే, ‘తెలీదు’ అని బుకాయించడం కష్టం. ఖాతా తెరిచి ఉంటే ఇంకో ప్రమాదం. 2015లో ఆష్లే మాడిసన్ అనే వివాహేతర పరిచయాల సైటు హ్యాకైనప్పుడు మూడు కోట్లకు పైగా ఖాతాల వివరాలు నెట్‌లో పడ్డాయి, ఆ తర్వాత బెదిరింపు మెయిళ్లు ఏళ్ల తరబడి నడిచాయి. చీకటి సైట్లకు సెక్యూరిటీ ఇంజినీర్లను పెట్టుకునే ఓపిక ఉంటుందనుకోకండి.

మా కాఫీ షాపులో ఫ్రీ వైఫై ఉంది. కుర్రాళ్లు ఇలాంటివి చూస్తే మా మీదకు వస్తుందా? – బెంజ్ సర్కిల్

ఐపీ అడ్రసు మీ కనెక్షన్‌ది కాబట్టి ముందు మీ తలుపే తడతారు. మీరు ఏమీ చేయలేదని చెప్పడానికి లాగ్ ఉండాలి. ఓటీపీతో లాగిన్ అయ్యే వైఫై మీ నెట్ కంపెనీ ఇస్తుందేమో అడగండి. ఈలోపు కస్టమర్లకు గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టండి, బిల్లింగ్ కంప్యూటర్ దాని మీద ఉండకూడదు. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 1.1.1.3, రెండోదానిలో 1.0.0.3 కొట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఉచిత వడపోత ఇది, పెద్దల సైట్లను ఆపుతుంది. ఫోనులో వీపీఎన్ వేసుకున్నవాడిని ఆపలేదు, మిగతా ఎక్కువమందిని ఆపుతుంది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా ‘అడ్మిన్’ అనే ఉంటే దాన్ని ఈ రాత్రికే మార్చండి, లేదంటే ఆ డీఎన్ఎస్‌ను రేపు ఏదో ఒక టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడే తీసేస్తాడు.