సండే స్కూల్ గ్రూపులో మెసేజ్‌లు మాయమైతే...

ప్రశ్న: మా సంఘంలో సండే స్కూల్ వాట్సాప్ గ్రూపు నేనే చూస్తాను. ఫోన్లలో స్టోరేజ్ నిండిపోతోందని, టీచర్లందరం చాట్‌లు 24 గంటల్లో చెరిగిపోయేలా టైమర్ పెట్టుకున్నాం. వాలంటీర్ ఒకరు మా అమ్మాయికి విడిగా ఏదేదో పంపుతున్నారని ఇప్పుడు ఒక తల్లి వచ్చి అడుగుతున్నారు. ఆ మెసేజ్‌లు తిరిగి తెచ్చే యాప్ ఉందా?

జవాబు: నమ్మదగ్గది ఏదీ లేదు. గడువు తీరిన మెసేజ్ బ్యాకప్‌లో ఉన్నా, రీస్టోర్ చేసేటప్పుడు వాట్సాప్ దాన్ని తీసేస్తుంది. రికవరీ పేరుతో దొరికే యాప్‌లు ఫోన్ మొత్తం చదివే అనుమతి అడుగుతాయి. ఇప్పటికే కంగారులో ఉన్న పిల్ల ఫోన్లో దయచేసి అలాంటివి వేయకండి. ఆ ఫోన్‌ను రీసెట్ చేయొద్దు, కోపంలో చాట్ డిలీట్ చేయొద్దు. గ్యాలరీలో పడిన ఫోటోలు, వేరే చాట్‌కు ఫార్వర్డ్ చేసినవి, కాల్ వివరాలు ఇంకా ఉండొచ్చు. స్క్రీన్‌షాట్ తీస్తే నంబరు, తేదీ, సమయం కనిపించేలా తీయండి. పిల్లల అసభ్య చిత్రం ఏదైనా ఉంటే మాత్రం స్క్రీన్‌షాట్ తీయకండి, సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపకండి. ఫోన్ ఉన్నది ఉన్నట్టుగా పోలీసులకు చూపించండి. ముందుగా ఆ వాలంటీర్‌ను పిలిచి అడిగితే అవతలి ఫోన్లో ఉన్నవన్నీ పోతాయి.

స్టోరేజ్ గురించి ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే చాలు, అక్షరాలతో ఫోన్ నిండదు. స్టోరేజ్ కోసమని పిల్లలతో జరిగే మాటల రికార్డే పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎందుకంటే, పిల్లల్ని లొంగదీసుకోవాలని చూసే మనిషి మొదట కోరుకునేది ఇదే. పరిచయం గ్రూపులో మొదలవుతుంది. "నీ పాట బాగుంది, విడిగా మాట్లాడతాను" అంటారు. తర్వాత గేమ్‌లోకి కాయిన్లు కొనిస్తారు, రాత్రిళ్లు మెసేజ్ చేస్తారు, "అమ్మకు చెప్పకు, చదివాక తీసెయ్" అంటారు. ఇంతకుముందు ఆ తీసెయ్యడం పిల్ల చేతిలో ఉండేది, చాలాసార్లు మర్చిపోయేది, అమ్మ కంటపడేది. ఇప్పుడు ఆ పని యాప్ చేసిపెడుతోంది. ఉంచుకోవాలనుకున్న మెసేజ్‌ను నొక్కిపట్టి 'కీప్' చేసే వీలు 2023లో వచ్చింది, కానీ పంపినవాళ్లు వద్దంటే అది నిలవదు. 2025లో వచ్చిన అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేస్తే చాట్ ఎక్స్‌పోర్ట్ (చాట్ మొత్తాన్ని ఫైల్‌గా బయటికి తీసుకోవడం) కూడా కుదరదు. పెద్దవాళ్ల గోప్యతకు ఇవన్నీ మంచివే. అవతల ఉన్నది చిన్నపిల్ల అయితే ఏమిటి అని వీటిని తయారుచేసినవాళ్లు ఆలోచించినట్టు నాకు అనిపించదు.

మీరు ఈరోజే టైమర్ ఆపేయండి. గ్రూపు పర్మిషన్లలో 'ఎడిట్ గ్రూప్ సెట్టింగ్స్' సభ్యులకు ఆఫ్ చేస్తే, టైమర్ మార్చడం అడ్మిన్ల చేతిలోనే ఉంటుంది. చిన్నపిల్లల నంబర్లు తీసేసి తల్లిదండ్రుల నంబర్లు చేర్చండి. కొంచెం పెద్దపిల్లలతో మాట్లాడాలంటే ఇద్దరు టీచర్లు ఉన్న చాట్‌లోనే మాట్లాడాలని రాసిపెట్టుకోండి, పాస్టర్ గారికి కూడా అదే నియమం. ఫిర్యాదు చెప్పడానికి ఇచ్చే నంబరు పాస్టర్ గారి ఇంట్లోవాళ్లది కాకూడదు. కేథలిక్ చర్చిలో ప్రతి డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఫిర్యాదులకు ఒక ఏర్పాటు చేయాలని పోప్ ఫ్రాన్సిస్ 2019లో నియమం పెట్టారు. సొంతంగా నడిచే చిన్న సంఘానికి పైనుంచి చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి, మీరే చేసుకోవాలి.

ఒకసారి ఒక యూత్ గ్రూపు సభ్యుల జాబితా అడ్మిన్‌తో కూర్చుని ఒక్కొక్క నంబరూ చూశాను. మూడు నంబర్లు ఎవరివో అక్కడున్న ఎవరికీ తెలియదు. రెండేళ్ల కిందట సంఘం వదిలి వెళ్లిన ఒకతను ఇంకా అడ్మిన్‌గానే ఉన్నాడు. ఆదివారం పిల్లల్ని దింపే టైము, చోటు, పేర్లు అన్నీ అతనికి వారం వారం వెళ్తున్నాయి. ఇన్వైట్ లింకు రీసెట్ చేసి, కొత్తవాళ్లను అడ్మిన్ ఒప్పుకుంటేనే చేర్చే సెట్టింగ్ పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

ప్రశ్న: వీబీఎస్ (సెలవుల బైబిల్ స్కూల్) ఫోటోలు మా పేజీలో పెట్టొచ్చా?

జవాబు: తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పెట్టండి. పేర్లు, స్కూలు యూనిఫాం, లొకేషన్ ట్యాగ్ ఉండకూడదు. ఒరిజినల్స్‌ను డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు వివరాలు ఫోటోలోనే వెళ్లిపోవచ్చు. 'లింక్ ఉన్న ఎవరికైనా' అని తెరిచిపెట్టిన డ్రైవ్ ఫోల్డర్లు మూసేయండి.

ప్రశ్న: మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. ఫోన్ పనులన్నీ సంఘంలోని ఒక తమ్ముడు చేసిపెడతాడు. పిన్ అతనికి తెలుసు. ఫర్వాలేదా?

జవాబు: అతను మంచివాడే అయినా ఇది మార్చండి. ఫోన్ కవరు వెనక చీటీ మీద పిన్ రాసి ఉందేమో చూడండి, చాలా ఇళ్లలో ఉంటుంది. పిన్ మార్చి, అమ్మ వేలిముద్ర పెట్టండి. బ్యాంక్ యాప్‌కు వేరే పిన్ ఉండాలి, ఓటీపీ ఎవరికీ చదివి వినిపించకూడదు. ఆపరేషన్ ఎప్పుడో, ఇంట్లో ఎవరూ లేరనో ప్రార్థన మనవుల గ్రూపులో ఎవరైనా పెట్టి ఉంటే తీసేయమనండి, ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో అమ్మకు తెలియదు. బ్యాంకు పని ఉన్న రోజు మీరు వీడియో కాల్‌లో ఉండండి.