‘ఎఫ్’ అంటే కొడుకు

ప్రశ్న: మ్యూజియంలో ఒక రోమన్ వెండి నాణేన్ని ఫోటో తీసుకున్నాను. రాజు తల చుట్టూ ‘టి-ఐ సీజర్ దివి ఏ-వి-జి ఎఫ్ ఏ-వి-జి-వి-ఎస్-టి-వి-ఎస్’ అని ఉంది. వెనక ‘పొంటిఫ్ మాక్సిమ్’ అనీ, కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ బొమ్మా ఉన్నాయి. ఆమె పేరు అదేనా? రాజు బుగ్గ మీద ఆ గాటేమిటి?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, ఒక్క అక్షరం వదలకుండా రాసి పంపారు, సగం పని మీరే చేసేశారు. భాష లాటిన్. అప్పట్లో ‘యు’ విడిగా లేదు, ‘వి’తోనే సరిపెట్టేవారు. కాబట్టి చివరి మాట ‘అగస్టస్’. చోటు చాలక మిగతావి కుదించారు. విప్పి చదివితే: టైబీరియస్ సీజర్ అగస్టస్ (ఇక్కడ అగస్టస్ బిరుదు), దేవుడైన అగస్టస్ (రోమ్ తొలి చక్రవర్తి) కొడుకు.

చాలామంది ఆ ‘ఎఫ్’ను చూడకుండా దాటేస్తారు. నా లెక్కలో నాణెం మొత్తానికీ బరువైన అక్షరం అదే. ‘ఫిలియస్’, అంటే కొడుకు. టైబీరియస్, అగస్టస్‌కు కన్నకొడుకు కాదు, ఆయన భార్య లివియాకు మొదటి భర్త వల్ల పుట్టినవాడు. క్రీ.శ. 4లో అగస్టస్ అతన్ని దత్తత తీసుకున్నాడు. 14లో అగస్టస్ పోయాక సెనేట్ (రోమ్ పెద్దల సభ) ఆయన్ని దేవుడిగా ప్రకటించింది. ఏలే హక్కు నీకెక్కడిదని అడిగేవాళ్లకు ఆ ఒక్క అక్షరమే జవాబు.

‘పొంటిఫెక్స్ మాక్సిమస్’ అంటే ప్రధాన పురోహితుడు. అదీ టైబీరియస్ బిరుదే, ఆమె పేరు కాదు. చేతిలో ఆలివ్ కొమ్మ ఉంది కాబట్టి శాంతిదేవత రూపంలో ఉన్న లివియా అని చాలామంది పండితులంటారు. నేనూ అటే మొగ్గుతాను. కన్నతల్లి బొమ్మ వేసి కూడా పేరు మాత్రం చెక్కలేదు. మన శాతవాహనుల వెండి నాణెం మీదేమో ‘రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస’ అని ఉంటుంది: వాసిష్ఠి కొడుకు, పుళుమావి రాజుది. అక్కడ తండ్రి ఊసే లేదు! ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు లేవబుద్ధి కాదు.

ఇక గాటు. మీ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ నాణేల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. పరాయి రాజు ముఖాన్ని చెల్లకుండా చేయడానికని కొందరు, లోపల రాగి పెట్టి వెండి పూత పూశారేమోనని కోసి చూశారని కొందరు అంటారు. మీ ఫోటోను పెద్దది చేసి గాటు లోపల చూడండి. ఎర్రగా కనిపిస్తే రాయండి.